ఎమిల్ బూటుకంటిన సున్నం

"గీత తొక్కాడట! మా తమ్ముడు గీత తొక్కాడట! క్రెస్టన్ హైస్కూలు వాళ్లకి ఓడిపోవడం చేతకాదు నాయనా, ఏడవడమే వచ్చు!"

మా పెన్సిల్వేనియా ఊళ్లో ప్రతి శుక్రవారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి లొరేన్ హుడాక్ ఊలు దుప్పటి కప్పుకుని, ఆవుగంట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. తమ్ముడు ఎమిల్ పోయి ఏళ్లయినా, అతను బంతి చంకన పెట్టుకుని, తొక్కితే పరుగు చెల్లని సున్నపు పక్కగీత వెంబడి పరుగెత్తి గెలిపించిన ఆట ఆమెకు నిన్నటిదే. ఆనాడు క్రెస్టన్ తరఫున ఆడిన ఆ ఊరి వెర్న్, ఇందాకే కాఫీ హోటల్లో "ఎమిల్ బూటుకి సున్నం అంటింది, నేను చూశా" అన్నాడు. లొరేన్ అతని చెవిలో గంట వాయిస్తూ వీధిదాకా తరిమింది. ఇంకా రొప్పుతూనే నాతో అంటోంది.

"ఆరోజు వాన! గీతల సున్నం కరిగి మైదానమంతా పారింది. రేపు క్రెస్టన్ వెళ్తున్నావుగా, నలుగురిలో వాణ్ణి అడుగు: ఆరోజు నీ బూట్లు ఏ రంగులో ఉన్నాయిరా, అని."