ఆరని కాయ

సత్తెనపల్లిలో డ్రాయింగు మాస్టారుగా రిటైరైన చెంచురామయ్య వంటింట్లోనే బొమ్మలు వేస్తాడు. వెలుతురు అక్కడే బాగుంటుందని ఆయన వాదన. భార్య మల్లేశ్వరి ఇంకా పోస్టాఫీసు ఉద్యోగానికి వెళ్తోంది కనుక వంట కూడా ఆయనదే. పులుసులో ఉప్పు చూడడు, గరిటె ఎత్తి రంగు చూస్తాడు. "చూడ్డానికి బాగానే ఉందండి, తినడానికే భయంగా ఉంది" అంటుంది ఆవిడ. నెలకోసారి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుంటూరు గ్యాలరీకి వెళ్లి, ప్రతి బొమ్మ ముందూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "ఊఁ" అని మాత్రం అంటాడు.

మొన్న మార్చిలో ఆ గోడ మీదికి ఆయన బొమ్మ కూడా ఎక్కింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు. ఎవరేమంటారో విందామని, పరాయివాడిలా పక్కనే నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా ఒక్కరూ ఆగలేదు. అప్పుడు, యార్డుకు మిర్చి తెచ్చి ఎండకు తాళలేక లోపలికొచ్చిన ఒక రైతు భార్య దాని ముందు ఆగింది. వంగి, చాలాసేపు చూసింది.

"ఈ కాయ ఎవరిదండీ?"

"నాదేనమ్మా." ఆయన ఒకడుగు ముందుకు జరిగాడు.

"చెమ్మ తగ్గలేదండి. ఇప్పుడే బస్తాలకెత్తితే బూజు పడుద్ది. ఇంకో రెండెండలు తగలాలి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తన బొమ్మను చూస్తూ అది బొమ్మన్న సంగతే మరిచిపోయిన మనిషి ఇన్నేళ్లకు దొరికింది.

"అలాగేనమ్మా," అన్నాడు వినయంగా, "తొందరపడి ఎత్తనులే."