నా కార్డులో మా ఆయన

జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి వైపు వెళ్తుంటే హైవే పక్కన ట్రాక్టర్ సీట్లకు కవర్లు కుట్టే కంపెనీ ఒకటుంది. నేను పని చేసేది అందులోనే. మిషన్ మీద కుట్టుపనితో మొదలుపెట్టి, ఇప్పుడు ఒక వరుస మిషన్లకు సూపర్‌వైజర్‌నయ్యాను. మా ఆయనది వ్యవసాయం. మొగుడంపల్లి దగ్గర మా మామ పంచి ఇచ్చిన పొలంలో అల్లం వేస్తాడు. నీళ్లు చాలిన ఏడాది కొంత చెరకు కూడా. మేముండేది టౌన్లో. పొద్దున ఆయన బండి మీద పొలానికి పోతాడు, నేను కంపెనీ వ్యాన్‌లో పనికి పోతాను.

కంపెనీ మాకు కొత్తగా ఆరోగ్య బీమా పెట్టింది. ఆఫీసులో ఆ పని చూసే ఆమె నన్ను కూర్చోబెట్టి, నా మీద ఆధారపడినవాళ్ల పేర్లు చెప్పమంది. కొడుకు పేరు, కూతురు పేరు చెప్పాను. భర్త పేరు కూడా అడిగింది. ఆయన నా మీద ఆధారపడలేదు, ఆయనకు పొలముంది అన్నాను. పొలమున్నా లేకున్నా ఇందులో రాసేది అలాగేనని, ఆయన ఆధార్ కాపీ, ఒక ఫోటో తెమ్మని చెప్పింది.

ఆ సాయంత్రం ఆయన అన్నం తింటుండగా సంగతి చెప్పాను. ఆమె వాడిన మాటే వాడాను. మార్చి చెప్పాల్సిందని తర్వాత తోచింది.

"నేను ఎవల మీద ఆధారపడ్డ?" అని అడిగాడు.

"నా మీద."

ఆయన ఇంకో ముద్ద కలుపుకొని తిన్నాడు. తర్వాత, ఈ ఇంట్లో తినే తిండి ఎవరు పండిస్తున్నారని అడిగాడు. అల్లం నువ్వే పండిస్తున్నావు అన్నాను. ఒట్టి అల్లంతో ఎవరి కడుపూ నిండదు కాబట్టి ఆయన ఆ వాదన అక్కడే వదిలేశాడు. తన బదులు వాళ్లమ్మ పేరు పెట్టమన్నాడు. అత్తల్ని తీసుకోరట అన్నాను.

కొన్నాళ్లకు ఆయనే ఒప్పుకున్నాడు. ఊళ్లో ఎవరికీ తెలియకూడదన్నది షరతు. గడ్డం గీయించుకుని, తెల్ల చొక్కా వేసుకుని స్టూడియోకు పోయాడు. ఫోటో ఎందుకని స్టూడియో అతను అడిగితే బ్యాంకు పని అని చెప్పాడట. కార్డు వచ్చాక చూస్తే పైన నా పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ఆయన పేరు ఉన్నాయి. పేరు తప్పుల్లేకుండా రాశారని ఒప్పుకుని, దాన్ని బీరువాలో నా చీరల అడుగున పెట్టేశాడు.

ఆ తర్వాత అల్లం తవ్వకాలు వచ్చాయి. ఒక సాయంత్రం ఆయన బండి దిగి ఇంట్లోకి రాకుండా గడప మీదే కూర్చున్నాడు. చెయ్యి గజ్జల దగ్గర పెట్టి నొక్కుకుంటున్నాడు. ఒళ్లంతా చెమట. ఆటోలో టౌన్లోని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు నొక్కి చూసి, ఇది హెర్నియా, పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది, ఆపరేషన్ వాయిదా వేయొద్దు అన్నాడు. సంగారెడ్డిలో ఒక దవాఖాన పేరు చెప్పాడు. ఇంటికొచ్చి చీరల అడుగున ఉన్న కార్డు తీశాను. మా ఆయన చూస్తుండగానే చేతిసంచిలో పెట్టుకున్నాను.

సంగారెడ్డిలో బీమా కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి ఆయన్నే అడిగింది, మీది ఏ కంపెనీ సార్ అని. ఆయన గోడ మీది క్యాలెండర్ చూడసాగాడు. నేను నా కార్డు ముందు పెట్టాను. ఆ అమ్మాయి ఆయన పనేమిటని అడిగి, రైతు అంటే కంప్యూటర్లో కాసేపు వెతికింది.

"రైతు అని లేదు సార్ ఇండ్ల. 'ఇతరులు' అని పెడ్తున్న."

ఆధారపడినవాడు అన్నప్పుడు కూడా ఆయన మొహం అంతగా మాడలేదు.

ఇది ఎప్పటి నుంచి ఉందని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. వారమైంది అని నేనే చెప్పాను. టౌన్లో డాక్టరుకు ఆయన అట్లాగే చెప్పాడు మరి. ఆ అమ్మాయి రాయకుండా ఆగి, కంపెనీ పాలసీలో పాత రోగాలకూ ఇస్తారు, ఉన్నదున్నట్టు చెప్పండి అంది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పోయినేడు అల్లం తవ్వినప్పటి నుంచి ఉంది."

ఏడాదిగా ఆయన నడుం నొప్పి అంటున్నాడు. పెద్ద సీసా నూనె కొనిపెట్టి, డ్యూటీ నుంచి వచ్చి వంట చేసి, రోజూ నేనే నడుముకు రాశాను. అసలు నొప్పి ఉన్నది అక్కడ కాదు. ఇప్పుడు కొంచెం నయమేనా అని అడిగితే నయమే అనేవాడు కూడా.

బీమా వాళ్ల అనుమతి వచ్చేదాకా వరండాలో కూర్చోమన్నారు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే దవాఖానకు తీస్కపోతవ్. ఆడ నీ కార్డు తీస్తవ్."

"నువ్వు చచ్చిపోతే కార్డుల నుంచి పేరు తీసెయ్యమని చెప్పనీకి గూడ నేనే పోవాలె" అన్నాను.

ఆయన ఇంకా దాచి ఉంటే, ఎప్పుడో ఒకరోజు పొలం నుంచి ఎవరో ఫోన్ చేసి ఉండేవాళ్లు, నేనప్పుడు సీటు కవర్లు సరిచూస్తూ ఉండేదాన్ని. ఆయన మంచినీళ్లు అడిగాడు. ఆపరేషన్ ముందు తాగొద్దన్నారని గుర్తు చేశాను. మధ్యాహ్నం దాటాక అనుమతి వచ్చింది. ఆయన్ని లోపలికి తీసుకుపోయిన తర్వాత, చేతిసంచిలో ఆయన చొక్కా మడత సరిగ్గా ఉన్నా మళ్లీ తీసి మడతపెట్టాను. ఆపరేషన్ బాగానే జరిగింది.

ఇంటికొచ్చాక ఆయన పెద్దనాయన ఊరి నుంచి చూడ్డానికి వచ్చాడు. నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. అల్లం ఇంకా అమ్మనే లేదు కదా, దవాఖాన ఖర్చు ఎట్లా వెళ్లదీశావని పెద్దనాయన అడగడం వినిపించింది. షరతు ప్రకారం నేను బయటికి రాకుండా చాయ్ కలుపుతూనే ఉన్నాను.

"నా భార్యకు కంపెనీల కార్డు ఉంది. అండ్ల నేను గూడ ఉన్న" అన్నాడు మా ఆయన.

పెద్దనాయన దీని గురించి ఆలోచించాడు. ఆడమనిషి కార్డులో మొగుడు ఎక్కవచ్చా అని అడిగాడు. ఎక్కవచ్చు అన్నాడు ఈయన.

"అట్లయితే జర నన్ను గూడ ఎక్కియ్యరాదు బిడ్డా. మోకాళ్లు పనిచేస్తలేవు."

నేను చాయ్ తెచ్చి ఇచ్చి, భర్తనూ పిల్లలనూ తప్ప తీసుకోరని వివరంగా చెప్పాను. పెద్దనాయన అర్థమైందన్నాడు. చాయ్ తాగాడు. వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ మళ్లీ అడిగాడు.

ఇక ఊరంతా తెలిసిపోయింది. మా ఆయన భయపడినట్టు ఎవరూ నవ్వలేదు. పెద్దనాయనైతే తన కోడలిని మా కంపెనీలో పెట్టించమని నా దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయికి కుట్టు రాదు. ఇప్పుడు మా ఇంటి పక్కనే ఒకామె దగ్గర నేర్చుకుంటోంది.

బరువులెత్తొద్దని డాక్టరు చెప్పడంతో మిగిలిన అల్లం కూలీల చేతే తవ్వించాం. మా ఆయన గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని వాళ్లకు పని చెప్పేవాడు. ఇంట్లో మాత్రం ఆయనకొక కొత్త అలవాటు పట్టుకుంది. అన్నం తింటూ ఆ రోజు ఒంట్లో ఎక్కడెక్కడ ఏమైందో నాకు చెబుతాడు. ఒకసారి మెడ పట్టేసిందన్నాడు, ఇంకోసారి కుడి చెవిలో హోరుమంటోందన్నాడు. మొన్న దవడ పన్ను సలుపుతోందన్నాడు.

"పండ్లకు పాలసీల రాదు" అన్నాను.

"రాకుంటే రాకపాయె. నీకు చెప్తున్న అంతే" అని, రెండో వైపు నములుతూ అన్నం తిన్నాడు.

ఆదివారం టౌన్లో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పన్ను పీకేశారు.