పెద్ద బంతి ఎత్తిన టీచరమ్మ

ఆ రోజుల్లో పెళ్ళిచూపులంటే పరిచిన చాపలూ, ఉప్మా ప్లేట్లూ, తలవంచుకున్న పిల్లానూ. మా క్రైస్తవ కుటుంబాల్లో కొందరికి ఆ మాత్రం తంతు కూడా మొహమాటమే. పిల్లకు చెప్పకుండా చర్చికో, పండుగకో రప్పించి, దూరం నుంచి చూసుకుని వెళ్ళిపోయేవారు. నన్నూ అలాగే చూశారు (ముందే తెలిసి ఉంటే ఇంకా ఘోరంగా ప్రవర్తించేదాన్నేమో).

అప్పట్లో రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. నేను నాంపల్లిలో ఆడపిల్లల బడిలో కొత్తగా టీచరుగా చేరి, చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఆబిడ్స్‌లో ఒక చర్చి ఆవరణలో కోతపండుగ సంత పెట్టారు. చిన్నమ్మ నాకు నీలం పట్టుచీర కట్టించి, "జర నిమ్మళంగ ఉండు బిడ్డా, ఎగురుడు దుంకుడు పెట్టుకోకు" అంది. ఎందుకో చెప్పలేదు. సంతలో ఒక మూల పొడవాటి చెక్కబాట వేసి, దాని చివర సీసాల్లాంటి కొయ్యబొమ్మలు నిలబెట్టారు. బంతి దొర్లించి వాటిని పడగొట్టాలి. బంతులూ కొయ్యవే, మూడు రకాలు. పెద్దది గుమ్మడికాయంత ఉంది. నా ముందున్న సన్నటి యువకుడు టై సర్దుకుని, నన్నొకసారి చూసి, పెద్దదే ఎత్తాడు. చెయ్యి వెనక్కి ఊపాడో లేదో బంతి జారి వెనకే పడింది. జనం చెల్లాచెదురయ్యారు. నేను పకపకా నవ్వాను. నవ్వినదాన్ని ఊరుకోవచ్చుగా? ఇప్పుడు చిన్న బంతి ఎత్తితే పరువేముంటుందని నేనూ పెద్దదే ఎత్తాను.

భుజం కిందికి గుంజింది. సగం వంగిపోయి కూడా విసిరాను. బంతి బాట తప్పి, పక్కనున్న టీ బల్ల కాలికి కొట్టుకుంది. కప్పులు ఒరిగి, అక్కడ కూర్చున్న తెల్లచీర పెద్దావిడ ఒడి నిండా టీ. చిన్నమ్మ నా చెవిలో, "అయ్యో, ఆమె ఆ టై పిల్లగాని తల్లే! నిన్ను చూడనీకె వచ్చిన్రే!" అంది.

పెద్దావిడ లేచి, చీర దులుపుకుని, బంతిని తనే ఎత్తుకొచ్చింది (మిషన్ దవాఖానలో నర్సు, రోగులను ఎత్తి పడుకోబెట్టిన చేతులు). "గిది నీది గాదు బిడ్డా. చెయ్యి ఏలాడేసి పట్టుకో. భుజం వంగిందంటే బరువెక్కువ. మరీ అల్కగ, తేలిగ్గ ఉంటేనేమో గాలిల ఇసురుతవ్, సక్కగ పోదు" అని నడిమి బంతి నా చేతిలో పెట్టింది. దొర్లించాను. ఒక్కటి తప్ప అన్నీ పడ్డాయి. ఆవిడ కొడుకు వైపు తిరిగి, "నువ్వు గా చిన్నది పట్టు" అంది. అంతమందిలో అతని ముఖం ఎర్రబడింది, అయినా చిన్నదే తీసుకుని, నిదానంగా అన్నిటినీ పడగొట్టాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

దారి పొడుగునా చిన్నమ్మ "బంగారమసొంటి సంబంధం పాయె" అని కళ్ళొత్తుకుంది. సోమవారం బడిలో పిల్లల్ని ఆటకు వదిలిన వేళ పెద్దావిడ ఒక్కతే వచ్చింది. "నా కొడుకు నీకు నచ్చిండా?" అని నన్నే అడిగింది. ఆ కాలంలో ఆ ప్రశ్న ఆడపిల్లను అడిగేవారు అరుదు. గొంతు సవరించుకుని, టీచరునన్న సంగతి గుర్తు చేసుకుని, "ఆలోచించుకుని చెప్తనమ్మా" అన్నాను. "సోంచాయించుకో, తొందరేం లేదు" అని ఆవిడ వెళ్ళిపోయింది. గేటు దాటిందో లేదో, చెప్పులు చేత పట్టుకుని వెనకాలే పరుగెత్తి, "నచ్చిండు" అనేశాను. ఆటలాపి పిల్లలంతా చూస్తున్నారు. ఒక్క పూట ఆగి ఉంటే ఎంత హుందాగా ఉండేది! అయినా ఇన్నేళ్ళ తర్వాత తలచుకుంటే, ఆ పరుగెత్తే పిల్లను ఆపాలని మాత్రం నాకు అనిపించదు.