అత్తమ్మ రంగు తీసిన ఇంజను

మొన్న మా నిజామాబాద్ ఇంట్లో కిటికీ ఊచలకు రంగు వేయించాం. పెయింటరు డబ్బా మూత తీసి థిన్నర్ కలపగానే ఆ ఘాటు వంటింటి దాకా వచ్చింది. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం పొయ్యి మంట తగ్గించి గడప దగ్గర కాసేపు నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు మా అత్తమ్మ గుర్తొస్తుంది. బోధన్ ఇంటి పెరట్లో, కొంగు నడుములో దోపుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక పాత మోటారు సైకిలు ఇంజను ముందు పీట మీద కూర్చున్న మనిషి కళ్ల ముందుకు వస్తుంది.

ఆమె పేరు గంగామణి. పుట్టిల్లు మోస్రా. మాటలు తక్కువ మనిషి. మామయ్య చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. నేను కోడలిగా వెళ్లేనాటికే ఆయన లేడు. ఆయన బండి మాత్రం రేకుల కొట్టంలో గోనెసంచుల కింద ఉండేది. ప్రతి దసరాకు బండిని కడిగి, బొట్లు పెట్టే ముందు ఇంజనుకు తన చేత్తోనే వెండి రంగు పూసేవాడని మా ఆయన చెప్పేవాడు. పాత రంగు తీసే పని పెట్టుకోకుండా దాని మీదే కొత్తది. అలా ఏడాది మీద ఏడాది పేరుకుని, ఇంజను చుట్టూ గాలి ఆడటానికి ఉండే సన్నని రెక్కల సందులు కూడా సగం పూడుకుపోయాయి.

పెళ్లయిన రెండో ఏడు నాకు కడుపు నిలవలేదు. నందిపేట్ నుంచి మా అమ్మ వచ్చి కొన్నాళ్లుండి వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను గదిలోంచి బయటికి రావడం మానేశాను. వచ్చినవాళ్లు తలా ఒక మాటతో ధైర్యం చెప్పేవాళ్లు. ఇంకా చిన్నదానివే అనేవాళ్లు, దేవుడు మళ్లీ ఇస్తాడనేవాళ్లు. అత్తమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. వేళకు కంచం తెచ్చి పెట్టి, నేను తినేదాకా గోడకు ఆనుకుని కూర్చుని, కంచం తీసుకుని వెళ్లిపోయేది. ఆమెకు నా మీద కోపమో, జాలో, అసలేమీ లేదో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున మా ఆయన కొట్టం ఖాళీ చేద్దామన్నాడు. "అవ్వా, గా బండిని పాత ఇనుప సామానోనికి ఇచ్చేస్త. ఊకె జాగ తింటుంది" అన్నాడు వాళ్లమ్మతో.

"నడుస్తదో లేదో సూడకుండనే ఇస్తవా?" అంది అత్తమ్మ. మధ్యాహ్నానికి మా వీధి చివర మెకానిక్ యూసుఫ్ భాయ్‌ని పిలిపించింది. అతను ఇంజను విప్పి కిందికి దించి, లోపలి భాగాలన్నీ చూసి తల ఊపాడు.

"లోపల మంచిగనే ఉందమ్మా. కానీ గీ రంగంత తీయాలె. గింత మందం ఉంటే వేడి బయటికి పోదు."

"నువ్వు తీస్తవా?"

"చెరుకు సీజన్ గదమ్మా. ట్రాక్టర్ల పనే ఒడుస్తలేదు. నెల ఆగుతరా?"

"సామానేందో చెప్పు. నేనే తీస్త" అంది అత్తమ్మ.

యూసుఫ్ భాయ్ నవ్వాడు, కానీ సాయంత్రానికి అన్నీ తెచ్చిచ్చాడు. రంగును ఉబ్బించి వదులు చేసే మందు డబ్బా, ఇత్తడి తీగల బ్రష్షు, చేతి తొడుగులు. ఇంజను రంధ్రాలన్నిటినీ గుడ్డలు కుక్కి మూసి, మందు చర్మం మీద పడితే మండుతుందని, ఇనుప బ్రష్షు పెడితే అల్యూమినియం మీద గీతలు పడతాయని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

మర్నాడు నా గది తలుపు దగ్గర అత్తమ్మ నిలబడింది. "సుజాత, జర బయటికి రా. నా ఒక్కదానితోని అయితలేదు."

ఆమె నన్ను ఏ పనికీ పిలిచిన మనిషి కాదు. అందుకే లేచి వెళ్లాను. పెరట్లో వేపచెట్టు నీడలో పాత పొట్టి బల్ల మీద ఇంజను ఉంది. ఆమె నా చేతికి తొడుగులిచ్చి, వెదురు పుల్ల ఒకటి చెక్కి ఇచ్చింది. మందు పూసిన చోట రంగు ముడతలు పడి, వేడిపాల మీద మీగడలా పైకి లేచింది. దాన్ని పుల్లతో నెట్టాలి. సందుల్లో మొండిగా ఉన్నచోట మళ్లీ పూసి ఆగాలి.

"నిమ్మళంగ. దానంతట అది ఊడాలె. నువ్వు గుంజద్దు" అనేది.

ఒక పొర కింద ఇంకో పొర. అన్నీ వెండి రంగే అనుకుంటే, మధ్యలో ఒకచోట నీలం బయటపడింది. అత్తమ్మ పెదవుల మీదికి నవ్వు వచ్చింది. "ఆ యేడు తలుపులకేసిన రంగు మిగిలింది. పారబొయ్య పానం ఒప్పలే ఆయనకు. బజార్ల అందరు నవ్విండ్రు." చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

మూడో రోజో నాలుగో రోజో, ఇంజను కింది భాగంలో నా పుల్లకు ఏదో గరుగ్గా తగిలింది. రంగంతా తుడిస్తే, పగిలినచోట వెల్డింగు పెట్టిన వంకర గీత కనిపించింది. అత్తమ్మను పిలిచాను. ఆమె తొడుగు తీసేసి వేలితో ఆ గీతను తడిమింది.

"ఒక వానకాలం మీ మామ కుంటుకుంట ఇంటికొచ్చిండు" అంది. "చెరుకు ట్రాలీ మీదికెళ్లి దిగంగ జారిన అన్నడు. నేను నమ్మిన. గీ అతుకు సూస్తె బండి మీదికెళ్లి పడ్డడన్న మాట. ఫ్యాక్టరీకి పొయ్యే తొవ్వల కాలువ గట్టు మీదనే అయ్యుంటది."

"ఎందుకు చెప్పలేదత్తమ్మా?"

ఆమె పీట మీద కూర్చుంది. "ఆ యేడే నాకు గుడ నీ లెక్కనే అయ్యింది. మీ ఆయన పుట్టక ముందు. ఇంట్ల ఎవ్వరు దాని మాటెత్తలే. నేను ఏడుస్తనని ఆయన ఏమీ చెప్పలే. ఆయన బాధపడ్తడని నేను ఏడ్వలే. గట్లనే గడిచిపోయింది."

అంతవరకూ ఆ ఇంట్లో అలా జరిగిందని మా ఆయనకు కూడా తెలియదు. నేను పుల్ల కింద పెట్టి ఆమె మోకాలి మీద తల ఆనించాను. నా చేతులకు రంగు, ఆమె చీరకు రంగు. బిడ్డకు ఏ పేరు అనుకున్నానో, ఆసుపత్రిలో నాకేమనిపించిందో అన్నీ ఆమెకే చెప్పాను. ఆమె ధైర్యం చెప్పలేదు. "ఊఁ" అంటూ విన్నది. నా మాటలన్నీ అయిపోయాక, "లే, మందు ఆరిపోతది. గీ పక్క గూడ తీద్దాం" అంది.

ఆ తర్వాత పని పండగలా సాగింది. కిరసనాయిలుతో కడిగి, ఇత్తడి బ్రష్షుతో రుద్దితే లోపలి లోహం మబ్బు పట్టిన ఆకాశం రంగులో బయటికొచ్చింది. మా ఆయన సంబరపడి కొత్త వెండి రంగు డబ్బా కొనుక్కొచ్చాడు. "గా వెల్డింగు కనవడద్దంటే ఒక కోటింగ్ ఏద్దామవ్వా."

"రంగద్దు కొడుకా. కనవడనియ్యి" అంది అత్తమ్మ. ఆ డబ్బా చివరికి గేటుకు పనికొచ్చింది.

యూసుఫ్ భాయ్ ఇంజను బిగించి, కిక్ మీద కిక్ కొడితే బండి మొదట దగ్గి, పొగ కక్కి, తర్వాత కుదురుగా అందుకుంది. అత్తమ్మ కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నది. ఆ ఆదివారమే కొడుకు వెనకాల కూర్చుని మోస్రా వెళ్లి, పుట్టింటి వాకిట్లో దిగింది. రెండు వైపులా చెరుకు తోటలున్న రోడ్డు మీద నాకూ బండి నేర్పించమని కొడుకుకు చెప్పింది కూడా ఆమే. నేను తడబడి బండి ఆపినప్పుడల్లా గట్టు మీద కూర్చుని, "మల్ల కొట్టు" అనేది.

తర్వాత మాకు పాప పుట్టింది, మేం నిజామాబాద్ వచ్చేశాం, అత్తమ్మ మాతోనే ఉండి నిండుగా బతికి వెళ్లిపోయింది. నేను బట్టలు కుట్టే దుకాణం పెట్టుకున్నాను. నా దగ్గర పనిచేసే రజిత వాళ్లమ్మ ఈ మధ్యే చనిపోయింది. దినాలయ్యాక పనిలోకి వచ్చింది గానీ ఎవరితోనూ మాట్లాడలేదు. తోటివాళ్లు ఏవేవో చెప్పి ఓదార్చబోతే లేచి పక్కకు వెళ్లిపోయింది. నేను ఏమీ అడగలేదు. ఫాల్ కుట్టాల్సిన పట్టుచీర ఒకటి తెచ్చి, ఒక కొస తనకిచ్చి, రెండో కొస నేను పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. చెరో వైపు నుంచీ కుట్టుకుంటూ వచ్చాం. మధ్యకు చేరేసరికి రజిత తలెత్తకుండానే, "అక్కా, మా అవ్వ ఆ రోజు పొద్దుగాల…" అని మొదలుపెట్టింది.

నేను సూది ఆపకుండా విన్నాను.