ఉస్తాద్ చెయ్యి పెట్టి చూసిన పెట్టె

పోయిన గురువారం పొద్దున ఆదోని నుంచి వచ్చే మొదటి బస్సు ఎమ్మిగనూరులో నా రేడియో అంగడి ముందు ఆగింది. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఉస్తాద్ పోయినాడప్పా, తెల్లారి నమాజు కాంగానే. తిరుగు బస్సుకు వచ్చెయ్" అన్నాడు. ఆదోనిలో ఉస్తాదులకేం కొదవ లేదు. ఏ ఉస్తాద్ అని నేను అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. బస్సు వెళ్లిపోయాక కూడా నేను స్క్రూడ్రైవరు పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాను.

పత్తి మిల్లుల ఇంజన్లు, జీపులు బాగుచేసే మెకానిక్ మా ఉస్తాద్. మీలో చాలామందికి విమానం చేసిన సాయిబుగానే తెలిసి ఉంటారు. అవును, నిజంగానే చేశారు. ఒక మనిషి కూర్చునే విమానం. సైకిలు చక్రాలు, సన్నటి గొట్టాలు, పాత సామాన్ల గుజిరీలో దొరికిన మోటారు సైకిలు ఇంజను. రెక్కలకు మా ఎమ్మిగనూరు మగ్గాల మీద నేయించిన గుడ్డ చుట్టి, గంజి పెట్టి, ఎండాక వార్నిషు పూశారు. చీరలకు గంజి పెట్టే మావాళ్లు విమానానికి గంజి ఏమిటని నవ్వి నవ్వి, ఆఖరికి వాళ్లే వచ్చి ఎంత చిక్కగా పెట్టాలో నేర్పిపోయారు. అనుమతులూ గినుమతులూ ఉన్నాయా అని మాత్రం నన్ను అడగకండి. ఆయన్ని నేనూ అడగలేదు.

అన్నీ కుదిరి, స్పార్కు దగ్గర పని ఆగింది. ఇంజనులో పెట్రోలు అంటుకోవాలంటే సరైన క్షణంలో ప్లగ్గు నిప్పురవ్వ వేయాలి. ఆ రవ్వ ఎవరు వేయించాలన్నదే పంచాయితీ. పాతకాలపు మాగ్నెటో ఒకటి ఉంది. బ్యాటరీ అక్కర్లేదు, నమ్మకస్తురాలు, కానీ బరువు. పైగా స్టార్టు చేసేటప్పుడు ఒక్కోసారి వెనక్కి తంతుంది. రెండోది నేను చేసిన ఎలక్ట్రానిక్ పెట్టె. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు రవ్వ ఆలస్యంగా, వేగం అందుకున్నాక ముందుగా పడేట్టు దానికి నాలుగు మెట్ల గుండీ పెట్టాను. ఏ మెట్టుకు ఎంత ముందు అన్నది లోపల రెసిస్టెన్సులు మార్చి మనకు కావలసినట్టు అమర్చుకోవచ్చు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆ పెట్టె విమానం ఎక్కాలని ఎంత ఆశో! పెళ్లిచూపుల్లో కూడా నేనంత బెరుగ్గా కూర్చోలేదు.

ఉస్తాద్‌కు ఒక అలవాటుండేది. తిరుగుతున్న ఏ యంత్రం మీదైనా అరచెయ్యి ఆనించి, ఏక్, దో, తీన్ అని ఇరవై దాకా లెక్కపెట్టేవారు. ఆయన కుడిచేతి బొటనవేలు వంకర. వయసులో ఉన్నప్పుడు ఒక ఇంజను హ్యాండిలు వెనక్కి తన్నిన గుర్తు అది. "చెవి సగమే సెప్తాదప్పా, మిగతాది సెయ్యిని అడగాల" అనేవారు.

పెట్టెను తన షెడ్డులో పరీక్షిస్తారని నేననుకున్నాను. ఆయన రెండింటినీ సంచిలో వేసుకుని, నన్ను బస్సెక్కించి, గోనెగండ్ల దగ్గర ఒక ఉల్లితోటకు తీసుకుపోయారు. అక్కడ బావి మీద, ప్లగ్గు రవ్వతోనే నడిచే కిరసనాయిలు ఇంజను. రోజూ తాడు చుట్టి లాగి దాన్ని లేపేది ఆ తోట అక్క. ఆమె భర్త ఆదోని మార్కెట్టులో హమాలీ, పొద్దున పోతే మాపుకే రాక. తోటలో ఎందుకని అడిగితే ఉస్తాద్ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "గాల్లో ఆగిపోతే పడేది నేనొక్కన్నే. ఈడ ఆగితే మడంతా ఎండిపోతాది. ఈడ నిలిసేదే ఆడా నిలుస్తాది."

మాగ్నెటోతో పదిరోజులు నడిపించారు. నడిచింది, కానీ నాలుగు లాగుళ్లకు ఒకసారి తాడు అక్క చేతిని వెనక్కి గుంజేది. పదకొండో రోజు నా పెట్టె పెట్టాం. ఒక్క లాగుడుకే ఇంజను లేచింది. నేను నేలమీద నిలిస్తే ఒట్టు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం పెట్టె చచ్చి ఊరుకుంది. మేము పోయేసరికి అక్క కొంగు నడుముకు బిగించి ఉంది. మాగ్నెటో మళ్లీ తగిలించి మడికి నీళ్లు తిప్పి, నాకు మాత్రం మంచినీళ్లు కూడా ఇవ్వకుండా, ఎండ తగిలితే వాడిపోయే పెట్టెను చేసినోడు కూడా నీడపట్టునే పెరిగింటాడని తీర్మానించింది. ఉస్తాద్ చల్లారిన పెట్టెను పక్కతోట ఇంజనుకు తగిలించి, కొంచెంసేపు ఎండలో నడిపించి, చెయ్యి ఆనించారు. తీన్ అనేలోపే తీసేశారు. ఆయన నన్ను తిట్టలేదు. "సెయ్యి నిలవని దాన్ని నమ్మి నేను పైకి పోలేనప్పా" అన్నారు, అంతే. తిరుగు బస్సులో నాకు ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు ఆయనే గుజిరీలో వెతికి, పొరలు పొరలుగా ఉన్న అల్యూమినియం ముక్కొకటి తెచ్చి నా ముందు పడేశారు. వేడి దాంట్లోకి పోయేట్టు పెట్టెను మొదటి నుంచీ మళ్లీ కట్టాను. ఈసారి నలభై రోజులు, నడి ఎండాకాలం, ఎండలోనే నడిచింది. వారానికొకసారి పోయి చెయ్యి పెట్టేవాళ్లం. ఇరవై, ఇరవై, ఇరవై. ఆఖరి రోజు పెట్టెను విప్పబోతే అక్క అడ్డం నిలబడింది.

"ఇది సెయ్యి గుంజదన్నా. నేనియ్యను. నీ ఇమానానికి ఇంగోటి సేపిచ్చుకో."

ఉస్తాద్ గట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తర్వాత తన వంకర బొటనవేలి వైపు చూసుకుని, పరీక్ష అయిపోయిందని, అచ్చం ఇట్లాంటిదే ఇంకొకటి చెయ్యమని నాతో అన్నారు. నా పెట్టె గెలిచింది.

గెలిచాక మొదలైంది నాకు భయం. వానలకు ముందు, ఒక పొద్దున, పంట లేని ఎర్రనేల చేలో విమానం నిలబెట్టాం. అక్క కూడా వచ్చింది. కాసేపు ఇంజను వేడెక్కించి ఆపారు. నేను దగ్గరికి పోయి, మాగ్నెటోనే పెట్టుకోండి ఉస్తాద్, నా పెట్టె వద్దు అని బతిమాలాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పెట్టె మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టి లెక్కపెట్టారు. ఆ చెయ్యి ఎంత గరుకుగా ఉండేదో!

"నిలిసిందా?"

"నిలిచింది."

"అయితే పోయొస్తా."

ఆయన ఎగిరారు. మనిషెత్తు, చేను ఈ చివర నుంచి ఆ చివరి దాకా. మేకలు చెదిరిపోయాయి. దిగేటప్పుడు ఒక చక్రం సొట్టపోయింది. ఆయన దిగి, టోపీ సర్దుకుని, పెట్టె మీద చెయ్యి పెట్టి ఇరవై లెక్కపెట్టాకే మా వైపు తిరిగి నవ్వారు. జీవితంలో అంత సంతోషాన్ని నేను మళ్లీ చూడలేదు.

పోయిన గురువారం ఆయన ఇంటి ముందు జనంలో అక్క కనిపించింది. తోటకు కరెంటు మోటారు వచ్చి రెండేళ్లయింది, పెట్టెకిప్పుడు పని లేదు. అయినా కొంగులో చుట్టి తెచ్చింది. నాకు అందించి, "సూసుకోప్పా. వాపసు మాత్రం ఇయ్యను" అంది. ఎండలో మోసుకొచ్చిన పెట్టె బాగా కాగి ఉంది. నేను అరచెయ్యి ఆనించి ఏక్, దో అని మొదలుపెట్టాను. ఇరవై అయిపోయింది. నేను చెయ్యి తియ్యలేదు. అక్క కూడా పెట్టెను వెనక్కి అడగలేదు.