కొత్త గారి ఆకు

నేను ఒక్క అక్షరం కొట్టకపోవడం వల్ల నూజివీడులో ఒకే పూట రెండుసార్లు ఎసరు పెట్టాల్సి వచ్చింది. మీరు నవ్వుకోవచ్చు. ఆ మధ్యాహ్నం నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎనభైల చివర్లో ఒక మామిడి రైతుల సంఘంలో కంప్యూటర్ చూసుకునే ఉద్యోగంలో చేరాను. ఊరంతా ఎండకు మాడుతుంటే, కంప్యూటర్ పుణ్యమా అని నాకు ఏసీ గది. అందులో కూర్చుని సంఘం మొత్తాన్నీ ఎరుగుదునని నమ్మేవాణ్ణి. హాజరు కోసం అందరి పేర్లూ అందులో గ్రూపులుగా ఉండేవి. ఒక గ్రూపులో మరో గ్రూపును కూడా పెట్టవచ్చని శిక్షణలో చెప్పారు. చెప్పినప్పుడు శ్రద్ధగా తల కూడా ఊపాను.

సీజన్ అయిపోయాక సంఘం తరఫున భోజనాలు. పిలవాల్సినవాళ్ళను మేనేజరు గారు ఒక గ్రూపులో పెట్టించి, ఎంతమందో వంటాయనకు చెప్పమని నన్ను పురమాయించారు. కమాండ్ కొట్టాను. దాని చివర ఒక్క అక్షరం చేర్చి ఉంటే లోపలి గ్రూపుల్ని కూడా విప్పి చూపేది. చేర్చలేదు. తెరమీద వచ్చిన ఒక్కో పేరుకు ఒక్కో మనిషి చొప్పున లెక్కగట్టి చెప్పేశాను. వాటిలో ఒకటి 'కొత్త'. మా వైపు అది ఇంటిపేరు. ఎవరో పెద్దమనిషై ఉంటారని మేనేజరు గారి పక్కనే ఆకు వేయించాను.

అందరూ తిని లేస్తున్నా ఆ ఆకు ఖాళీగానే ఉంది. అంతలో కొందరు ఆడా మగా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి, గేటు దగ్గర కుళాయి కింద కాళ్ళు కడుక్కుంటున్నారు. హమ్మయ్య అనుకుని, ముందున్న వాళ్ళ మేస్త్రీని అడిగాను.

"మీలో కొత్త గారెవరండీ?"

ఆయన తనవాళ్ళ వైపు ఒకసారి చూసుకున్నాడు.

"కొత్తోళ్ళెవరూ లేరండీ. ఏటా కోతకొచ్చేది మేమే."

మా కంప్యూటర్లోలా ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కొత్తకూ కోతకూ తేడా లేదు. అంటే కొత్త గారు మనిషి కాదు, ఒక గ్రూపు. చెట్లెక్కి కాయలు దించిన జట్టంతా అందులోనే ఉంది. నసుగుతూ జరిగింది చెప్పాను.

"అంటే మా అందరికీ కలిపి ఒకటే ఆకన్నమాట," అన్నాడు మేస్త్రీ.

వెనకనున్న పెద్దామె, పిలిచారని వచ్చాంగానీ తిండికి మొహం వాచి కాదు, పదండని గేటువైపు తిరిగింది. విస్తట్లో ఉన్న పప్పులో మామిడికాయ కూడా వాళ్ళు కోసిందే. సిగ్గుతో చచ్చిపోయాను. మేనేజరు గారు ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకెళ్ళి, గేటుకు అడ్డం నిలబడి బతిమాలారు. మళ్ళీ పొయ్యి వెలిగించారు. వాళ్ళు ఆకలితో షెడ్డులో కూర్చుని ఎదురుచూశారు.

వడ్డన నేనే చేశాను. మజ్జిగ దాకా అందరూ ఆకులోంచి తలెత్తకుండా తిన్నారు. చివరికి మేస్త్రీ, వాడిపోయిన ఆ ఒక్క ఆకు వైపు చూపించాడు.

"ఇక్కడ కొత్తోరు మీరొక్కరేగా సార్. కూర్చోండి, ఆ ఆకు మీదే."

అప్పుడు నవ్వారు, పంక్తి పంక్తంతా. పెద్దామె కూడా నవ్వింది.

నేను కూర్చున్నాను. అన్నం కలుపుతూనే ప్రమాణం చేసుకున్నాను: తెరమీద ఎంతటి పెద్దమనిషి పేరు కనబడినా సరే, ఆ పేరు లోపల ఎంతమంది ఆకలిగా కూర్చున్నారో విప్పి చూసుకోకుండా ఈ జన్మలో ఎసరు పెట్టించను.