ఆవూ దూడా చరణం

నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను నోటితో చెబుతుంటే కోడలు రాస్తోంది. అయినా నా పాట రేడియోలో వచ్చింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, దాచుకోవడం నా వల్ల కాదు.

అది ఎమర్జెన్సీ కాలం. పేపర్లో వార్తయినా పైవాళ్ళు చూసి సరేనంటేనే అచ్చయ్యేదట. మా ఆయన పోయి ఏడాది తిరిగింది. తిరువాలంగాడు చుట్టుపక్కల నాట్లకు ఆడవాళ్ళ జట్టును నేనే పిలుచుకుపోయేదాన్ని. నాది గరగర గొంతు. అయినా పాట ఎత్తేది నేనే, జట్టంతా వెనక అందుకునేది.

తెలుగు నాట్ల పాటలు కావాలని మద్రాసు నుంచి రేడియో వాళ్ళు వచ్చి గట్టు మీద మైకు పెట్టారు. బురదలో నిలబడే ఎత్తాను. రెండు చరణాలు బాగానే సాగాయి. మూడోది:

"ఆవూ దూడా వచ్చెనమ్మా, అడిగేదెవరే?
మడంతా మేసెనమ్మా, తరిమేదెవరే?"

ఆఫీసరు చెయ్యెత్తి ఆపేశాడు.

"ఏమ్మా, ఈ పాట ఎవరు కట్టిచ్చినారు నీకు?"

"ఎవరూ కట్టియ్యలేదయ్యా. మా అమ్మ పాడతా ఉండె. ఆమెకు వాళ్ళమ్మ నేర్పినాది."

"ఆవూ దూడా ఏలే కచ్చి గుర్తు గదమ్మా! మడంతా మేసిందంటే నా ఉద్యోగం పోతాది. మేకా పిల్లా అని పాడు."

కచ్చి అంటే పార్టీ. ఓటు చీటీ మీద ఆ బొమ్మకు నేనూ ముద్ర వేసినదాన్నే. పాడేటప్పుడు ఆ ధ్యాసే లేదు. జట్టంతా పకపకా నవ్వింది. మా వదిన ఊరుకుంటుందా?

"సూర్యుడూ ఇంకో కచ్చి గుర్తే గదా సారూ! ఎండ కాస్తా ఉండాదని చెప్పేదెట్ల మేము?"

ఆయన నవ్వలేదు. మార్చకపోతే రేడియోలో రాదన్నాడు.

నా గొంతు రేడియోలో వినాలని నాకెంత ఆశో! కానీ మేక అని పాడితే అది మా అమ్మ పాట కాదు, ఆయన పాట.

"మార్చనయ్యా. అట్లే పట్టుకుంటే పట్టుకో. లేకుంటే మైకు ఎత్తుకోని పో. మాకు ఇంకా నాటేది ఉండాది."

ఏమనుకున్నాడో, పాట మొత్తం మైకులో పట్టుకునే పోయాడు.

రేడియోలో వేసే సాయంత్రం కనకమ్మ సత్రం ఊళ్ళో టీ అంగడి ముందు జట్టంతా చేరాం. పాట వచ్చింది. నా గరగర గొంతే! రెండు చరణాలయ్యాక పాట ఒక్కసారిగా నాలుగోదానికి దూకింది. ఆవూ దూడా చరణం కత్తిరించేశారు. నా మొహం వాడిపోయింది.

అంతలో వదిన ఎత్తుకుంది, "ఆవూ దూడా వచ్చెనమ్మా..." అని. జట్టంతా రేడియో కంటే గట్టిగా అందుకుంది. అంగడాయన బెదిరిపోయి రేడియో ఆపబోయాడు.

"చెయ్యి తియ్యి మామా! దానికి వచ్చింది అది పాడనీ. మాకు వచ్చింది మేం పాడతాం" అన్నాను.

తిరుత్తణి బస్సు కోసం నిలబడ్డ తమిళం వాళ్ళు "పసువుం కన్నుమా!" అని పగలబడి నవ్వారు. ఆవూ దూడా అంటే ఢిల్లీలో ఏలే ఏ తల్లీ కొడుకులో వాళ్ళకూ తెలుసు. ఇంకోసారి పాడమన్నారు.

తల పైకెత్తి పాడాను.